నూరు శాతం అంటే దేనిలో నూరు? దేశాల కరెంటు లెక్కలు, చమఖండి లెక్క

ఛత్రపురం దగ్గర చమఖండి చుట్టుపక్కల భూములను 1990లలో ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న సంగతి మన పాత కుటుంబాల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారం రాలేదు. ఆ భూముల్లో తర్వాత టాటా స్టీలు వారి ఫెర్రోక్రోమ్ కర్మాగారం, దాన్ని ఆనుకుని గోపాల్‌పూర్ పారిశ్రామిక పార్కు వచ్చాయి. 2023లో ఆ పార్కులో ఆక్మే అనే సంస్థ 343 ఎకరాలు తీసుకుని, సుమారు 27,000 కోట్ల రూపాయల పెట్టుబడితో హరిత హైడ్రోజన్, హరిత అమ్మోనియా తయారు చేస్తామని ఒప్పందం చేసుకుంది. 2024 జనవరిలో జపానుకు చెందిన ఐహెచ్‌ఐ కంపెనీ ఇక్కడి నుంచి ఏటా 4 లక్షల టన్నుల అమ్మోనియా కొనేందుకు ప్రాథమిక ఒప్పందం కుదుర్చుకుంది.

అప్పటి నుంచి సంఘం ఆఫీసులో సాయంత్రం పూట ఇదే చర్చ. “కార్యదర్శి గారూ, జపాను వాళ్ళకి కరెంటు లేకనా మన ఊరి సరుకు కొనుక్కుంటున్నారు?” అని ఒకరు. “మా చిన్నవాడు డెన్మార్కులో ఉన్నాడు, అక్కడంతా గాలి కరెంటేనట, మనమెందుకు ఇలా ఉండిపోయాం?” అని ఇంకొకరు. “మన దేశంలో సగం కరెంటు సూర్యుడిదే అయిపోయిందని పేపర్లో వేశారు, మరి తాల్చేరు బొగ్గు ఎందుకు తవ్వుతున్నట్టు?” అని మూడో ఆయన. మూడూ మంచి ప్రశ్నలే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

పద్దు పేరు చూసి అంకె చూడాలి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు గారు ఒక మాట నేర్పారు. రిజిస్టరులో అంకె చూసే ముందు ఆ కాలమ్ పైన ఏం రాసి ఉందో చూడాలని. దేశాల ఇంధనం లెక్కలు చదివేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది. ఒకే దేశానికి ఒకే సంవత్సరంలో 98 శాతమనీ రాయవచ్చు, 60 శాతమనీ రాయవచ్చు. రెండూ నిజమే, కాలమ్ వేరు.

వాడినా తరిగిపోని ఇంధనాన్ని పునరుత్పాదక ఇంధనం అంటున్నారు. నీటి ప్రవాహం, ఎండ, గాలి, భూమి లోపలి వేడి, చెరకు పిప్పి, కట్టెలు అన్నీ ఇందులోకే వస్తాయి. అణువిద్యుత్తు రాదు. కాని పేపర్లో “శిలాజేతర” అనే మాట కనిపిస్తే అందులో అణువిద్యుత్తు కూడా కలిసి ఉంటుంది. ఈ తేడా గుర్తుంటే సగం తికమక పోతుంది.

ఇక నార్వే సంగతి. ఆ దేశంలో పుట్టే కరెంటులో దాదాపు 98 శాతం తరగనిదే. కొండలు, జలపాతాలు, ఎక్కువ భాగం జలవిద్యుత్తు, ఈ మధ్య కొంత గాలి కరెంటు. కాని మనిషి వాడే ఇంధనమంతా కరెంటు కాదు కదా. లారీలు, ఓడలు, విమానాలు, కర్మాగారాల కొలుములు, వంట గ్యాసు అన్నీ కలిపి లెక్క వేస్తే నార్వే వాటా 60 శాతం దగ్గరికి దిగుతుంది. పైగా ఆ దేశం తన కరెంటు శుభ్రంగా ఉంచుకుంటూనే నూనె, గ్యాసు పెద్ద ఎత్తున బయటి దేశాలకు అమ్ముతుంది. అది ఆ శాతంలో ఎక్కడా కనిపించదు.

మనదేశం గురించి పేపర్లో వచ్చిన “సగం” వేరే కాలమ్‌లోది. 2025 జులైలో కేంద్రం ప్రకటించింది స్థాపిత సామర్థ్యం గురించి. మొత్తం సుమారు 4,85,000 మెగావాట్లలో సుమారు 2,43,000 మెగావాట్లు శిలాజేతరం, అంటే సగం. స్థాపిత సామర్థ్యం అంటే యంత్రం పూర్తి బలంతో తిరిగితే ఎంత ఇవ్వగలదో ఆ అంకె. సౌరఫలకం రాత్రి ఇవ్వదు, మబ్బు పడితే తగ్గుతుంది. బొగ్గు కేంద్రం పగలూ రాత్రీ తిరుగుతుంది. అందుకని ఏడాది మొత్తంలో నిజంగా పుట్టిన యూనిట్లు చూస్తే ఇప్పటికీ 70 శాతానికి పైగా బొగ్గువే. నీరు, ఎండ, గాలి అన్నీ కలిపి ఐదో వంతు అటూ ఇటూ. తాల్చేరులో తవ్వకం ఆగకపోవడానికి కారణం ఇదే. ప్రకటన అబద్ధం కాదు, దాన్ని చదివిన తీరులో తేడా.

కట్టెల పొయ్యి చేసిన గమ్మత్తు

అంతర్జాతీయ పట్టికల్లో మొత్తం ఇంధన వినియోగంలో తరగని ఇంధనం వాటా అనే కాలమ్ ఒకటి ఉంటుంది. అందులో 1990 సంవత్సరానికి మన దేశం వాటా సగానికి పైనే. నార్వే అప్పుడు 60 దగ్గర. అంటే ఆ పట్టిక ప్రకారం 1990లో భారతదేశం, నార్వే ఇంచుమించు పక్కపక్కనే కూర్చున్నాయి. డెన్మార్కు 10 శాతం లోపు, జర్మనీ 2 శాతం దగ్గర, బ్రిటన్ 1 శాతం కూడా లేదు.

ఎలాగంటారా? మన అమ్మలు, అత్తలు పొయ్యిలో పెట్టిన సరుగుడు కట్టెలు, పిడకలు అన్నీ ఆ లెక్కలో తరగని ఇంధనమే. చెట్టు మళ్ళీ పెరుగుతుంది కనుక. వాళ్ళు పొగలో కళ్ళు నలుపుకుంటూ వండిన అన్నం మనల్ని ఆ పట్టికలో ముందు వరసలో కూర్చోబెట్టింది. తర్వాత ముప్పై ఏళ్ళలో వంట గ్యాసు ఇంటింటికీ వచ్చింది, 2016లో ఉజ్వల పథకంతో పల్లెలకూ చేరింది, లారీలు, మోటారు సైకిళ్ళు, కర్మాగారాలు పెరిగాయి. 2020 నాటికి మన వాటా మూడో వంతు దరిదాపులకు పడిపోయింది. అదే కాలంలో డెన్మార్కు 40 దగ్గరికి ఎక్కింది. పట్టిక ఒక్కటే చూసినవాడు డెన్మార్కు బాగుపడింది, భారతదేశం చెడిపోయింది అనుకుంటాడు. ఆ పతనం నిజానికి ఆడవాళ్ళ ఊపిరితిత్తులకు మేలు చేసిన పతనం. ఇన్నేళ్ళలో నేను చూసిన పట్టికల్లో ఇంతగా తలకిందులుగా కనిపించే కాలమ్ ఇంకోటి లేదు.

మారిషస్‌లో తరాల నాడు స్థిరపడిన మన తెలుగువాళ్ళు ఉన్నారు కనుక ఆ దేశం ఊసు కూడా ఒక మాట. అక్కడ పంచదార మిల్లుల్లో చెరకు పిప్పి కాల్చి కరెంటు తీసి లైన్లకు ఇస్తారు. అస్కా మిల్లు చూసిన వాళ్ళకు పిప్పి గుట్టలు తెలుసు. అయితే గానుగ కాలం అయిపోయాక ఆ కేంద్రాల్లో చాలావాటిలో అదే బాయిలరులో బొగ్గు పోస్తారు. ఆరు నెలలు ఒక కాలమ్, ఆరు నెలలు మరో కాలమ్.

1973 తర్వాత

దేశాల దారులు విడిపోవడం 1973 నూనె సంక్షోభంతో మొదలైంది. అరబ్బు దేశాలు సరఫరా బిగించగానే ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే సుమారు నాలుగింతలైంది. అప్పటికి డెన్మార్కు తన ఇంధనంలో 90 శాతానికి పైగా దిగుమతి నూనె మీదే నడుస్తోంది. ఆదివారాలు కార్లు తీయకూడదని నిషేధం పెట్టుకోవలసి వచ్చింది. ఐస్‌లాండులో చాలా ఇళ్ళు చలికి నూనె కాల్చేవి. వాళ్ళ కాళ్ళ కిందే వేడి నీళ్ళు ఉన్నాయి కనుక ఊరూరా గొట్టాలు వేసుకున్నారు. ఇప్పుడు పదింట తొమ్మిది ఇళ్ళకు భూమి వేడే, కరెంటు మొత్తం నీరు, భూతాపం నుంచే. బ్రెజిల్ 1975లో చెరకు నుంచి ఇథనాల్ తీసి కార్లలో పోసే పథకం పెట్టింది. పెద్ద ఆనకట్టలు ఎలాగూ ఉన్నాయి. ఈ రోజుకీ బ్రెజిల్ కరెంటులో పదికి తొమ్మిది పాళ్ళు తరగనిదే. కాని 2001లో వానలు లేక జలాశయాలు ఎండినప్పుడు ఇంటింటికీ 20 శాతం వాడకం తగ్గించుకోవాలని రేషను పెట్టారు. నీటి మీద ఒక్కదాని మీదే ఆధారపడితే ఏమవుతుందో ఆ సంవత్సరం చూపించింది.

డెన్మార్కు సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, మనకు పనికొచ్చే విషయం అక్కడే ఉంది. అణు కేంద్రాలు వద్దని 1985లో అక్కడి పార్లమెంటు తేల్చేసింది. గాలి మరలు రైతులు, పల్లెల్లోని సహకార సంఘాలు కలిసి పెట్టుకున్నవే మొదట ఎక్కువ. 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 మరలు నిలబెట్టారు, ప్రపంచంలో సముద్రంలో పెట్టిన మొదటి గాలి కేంద్రం అదే. 2000లో రాజధాని కోపెన్‌హేగన్ ఎదుట సముద్రంలో 20 మరలతో 40 మెగావాట్ల మిడెల్‌గ్రుండెన్ కేంద్రం వచ్చింది. దానిలో సగం వాటా 8 వేల మందికి పైగా సభ్యులున్న సహకార సంఘానిది. 2009లో చేసిన చట్టం ప్రకారం కొత్త గాలి కేంద్రం పెట్టేవారు కనీసం 20 శాతం వాటాను చుట్టుపక్కల నివసించే వారికి అమ్మజూపాలి. కొన్నేళ్ళు అది అమల్లో ఉంది. 2000లో ఆ దేశం కరెంటులో గాలి వాటా 12 శాతం దగ్గర, 2010లో 20 దాటింది, ఇప్పుడు సగానికి పైనే. మర పక్కన ఉన్నవాడికి మరలో వాటా ఉండడం ఈ ఎదుగుదలకు ఒక కారణమని నా అభిప్రాయం. శబ్దం వస్తోందని గొడవ పడవలసిన వాడే వాటాదారు అయితే గొడవ తీరు మారుతుంది.

జర్మనీ 2000లో చట్టం చేసి, ఇంటి మీద సౌరఫలకం పెట్టుకున్న వాడి కరెంటును 20 ఏళ్ళు నిర్ణయించిన ధరకు కొంటామంది. అప్పుడు వాటా 6 శాతం, 2010లో 17, 2023లో సగం దాటింది. ఆ ఖర్చు ప్రతి ఇంటి బిల్లులో అదనపు రుసుముగా పడింది. 2022లో దాన్ని ఎత్తేసేదాకా జనం సణుక్కుంటూనే కట్టారు. జర్మన్లు ఖరీదైన కాలంలో కొన్నందువల్ల ఫలకాల కర్మాగారాలు పెరిగాయి, ధర పడింది, ఆ చౌక ఈ రోజు మన డాబాల దాకా వచ్చింది. ఈ మాట ఎవరూ పెద్దగా చెప్పరు.

బ్రిటన్‌లో 2010లో 7 శాతం ఉన్నది 2023 నాటికి 45 దాటింది. 1882లో లండన్‌లో బొగ్గు కరెంటు మొదలుపెట్టిన దేశం 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు కేంద్రాన్ని మూసేసింది. అయితే అక్కడ మొత్తం కరెంటు ఉత్పత్తి కూడా ఈ ఇరవై ఏళ్ళలో తగ్గింది. కింద ఉన్న అంకె తగ్గితే పైనున్న శాతం దానంతట అదే పెరుగుతుంది. మన దగ్గర దానికి సరిగ్గా తిరగబడి జరిగింది. 2000తో పోలిస్తే మన ఉత్పత్తి మూడు రెట్లు దాటింది. ఎండ, గాలి ఎంత కలిపినా కింద అంకె పరుగెడుతూ ఉండడంతో శాతం 14 నుంచి 20 దగ్గరికి మాత్రమే కదిలింది. ఆ కదలిక వెనక ఉన్న పని చిన్నది కాదు. 2014 మార్చిలో 3 వేల మెగావాట్లు కూడా లేని సౌర సామర్థ్యం 2025 మార్చికి లక్ష మెగావాట్లు దాటింది.

చైనాను శాతంతో కొలిస్తే మధ్యరకం, 2023లో 31 శాతం దగ్గర. పరిమాణంతో కొలిస్తే దరిదాపుల్లో ఎవరూ లేరు. 2023లో ఒక్క ఏడాదిలోనే 2,17,000 మెగావాట్ల సౌర కేంద్రాలు కలిపింది. మన దేశం పదేళ్ళలో పెట్టినదానికి అది రెట్టింపు. బొగ్గు కాల్చడంలోనూ మొదటి స్థానం చైనాదే. అమెరికా 2023లో 20 శాతం కాస్త దాటింది. ఆస్ట్రేలియాలో ప్రతి మూడు ఇళ్ళలో ఒకదాని మీద సౌరఫలకాలున్నాయి. మెల్‌బోర్నులోనో సిడ్నీలోనో పిల్లలున్న వాళ్ళను అడగండి, చెప్తారు.

తల ఒక్కింటికి లెక్క వేస్తే మరో బొమ్మ కనిపిస్తుంది. మన దేశంలో మనిషికి ఏడాదికి, కర్మాగారాల వాడకం కూడా కలిపి, 1,400 యూనిట్ల దగ్గర. అమెరికాలో 12,000 పైన, నార్వేలో 20,000 పైన. నూరు శాతం శుభ్రమైన 20,000 యూనిట్లు వాడేవాడినీ, ఐదో వంతు శుభ్రమైన 1,400 యూనిట్లు వాడేవాడినీ ఒకే కొలబద్ద మీద నిలబెట్టి మార్కులు వేయడం న్యాయం కాదు.

మాచ్‌ఖండ్ నుంచి చమఖండి దాకా

మన వైపు ఈ కథ ఎండతో మొదలుకాలేదు, నీటితో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం 1,362 మెగావాట్లు, అందులో 508 జలవిద్యుత్తు. గంజాం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లా. కొత్తగా ఏర్పడిన ఒడిశా, పాత మద్రాసు రెండూ సరిహద్దు నది మీద కలిసి తలపెట్టినది మాచ్‌ఖండ్. 1955లో కరెంటు ఇవ్వడం మొదలైంది, అప్పటికి మద్రాసు స్థానంలోకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆరు యంత్రాలు, 115 మెగావాట్ల దాకా. నది ఒక్కటే, కేంద్రం ఒక్కటే, పుట్టిన యూనిట్లు మాత్రం రెండు రాష్ట్రాల ఖాతాల్లోకి. ఆంధ్రకు 70, ఒడిశాకు 30. దాన్ని చెరి సగం చేసుకునే ఒప్పందం 2020లో కుదిరింది, అంటే 65 ఏళ్ళకు. ఎవరి నీరు, ఎవరి భూమి, ఎవరి ఖాతా అన్న ప్రశ్న ఒకసారి కాగితం మీద పడితే ఎంతకాలం ఉండిపోతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. హీరాకుడ్ 1957లో వచ్చింది. ఆ తర్వాత బొగ్గు నిండుగా ఉన్న రాష్ట్రం కనుక ఒడిశా బొగ్గు వైపు నడిచింది. 2024 మార్చి నాటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరొక 4 వేల మెగావాట్లకు పైగా సౌర సామర్థ్యంతో ఉంటే, ఒడిశాలో వెయ్యి కూడా లేదు.

ఇప్పుడు చమఖండి లెక్క చూద్దాం. జపానులో 2010లో తరగని కరెంటు 10 శాతం దగ్గర ఉండేది. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత అణు కేంద్రాలన్నీ ఆపారు, కొన్ని మళ్ళీ నడుస్తున్నాయి. తరగని వాటా ఇప్పుడు 22 దాటింది. చదునైన నేల తక్కువ, సముద్రం ఒడ్డు దగ్గరే లోతు ఎక్కువ, కనుక ఎండా గాలీ వాళ్ళకు అంత సులువు కాదు. బొగ్గు కేంద్రాలను మూయలేక, బొగ్గుతో పాటు అమ్మోనియా కలిపి కాల్చే ఉపాయం పట్టుకున్నారు. 2024లో హెకినాన్ అనే పెద్ద బొగ్గు కేంద్రంలో 20 శాతం అమ్మోనియా కలిపి కాల్చి చూశారు, ఆ పనిలో ఐహెచ్‌ఐ భాగస్వామి. అమ్మోనియాలో కార్బన్ లేదు కనుక అక్కడ ఆ మేరకు బొగ్గు పొగ తగ్గుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. వాళ్ళకు కరెంటు లేక కాదు, శుభ్రమైన కరెంటు చాలక.

ఒక టన్ను అమ్మోనియాలో సుమారు 177 కిలోల హైడ్రోజన్ ఉంటుంది. నీటిని కరెంటుతో విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. మిగతా పనులు కూడా కలుపుకుంటే టన్ను అమ్మోనియాకు 10,000 యూనిట్లు. ఐహెచ్‌ఐ అడిగిన 4 లక్షల టన్నులకు ఏడాదికి 400 కోట్ల యూనిట్లు. తలకు 1,400 చొప్పున 28 లక్షల మందికి సరిపోయే కరెంటు అది. 2011 జనాభా లెక్కల్లో గంజాం జిల్లా మొత్తం 35 లక్షల మంది. నీరు కూడా మరవకూడదు. ఒక కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీరు, చల్లార్చడానికి అయ్యేది వేరే. ఎండాకాలంలో ఋషికుల్య వైపు చూసే మనకు ఆ అంకె ముఖ్యం.

ఆ కరెంటు ఇక్కడే పుట్టాలని లేదు. ఎండ, గాలి దండిగా ఉన్న వేరే రాష్ట్రాల నుంచి లైన్ల మీద తెచ్చుకోవచ్చు. అది మన దేశపు పట్టికలో తరగని కరెంటుగా ఒకసారి పడుతుంది. అమ్మోనియాగా మారి ఓడ ఎక్కాక జపాను పట్టికలో బొగ్గు తగ్గింపుగా పడుతుంది. చమఖండి పేరిట కాలమ్ ఏదీ లేదు. అన్నీ బయటికే పోతాయని కూడా అనలేం. 2025లో పారాదీప్ ఎరువుల కర్మాగారానికి ఏటా 75,000 టన్నుల హరిత అమ్మోనియా ఇచ్చే వేలం ఇదే ఆక్మే సంస్థకు దక్కింది, అది మన పొలాలకు చేరే సరుకు. నేను కర్మాగారం వద్దనే వాడిని కాను. మన పిల్లలు ఐటీఐ చదివి విశాఖ, హైదరాబాదు పోతున్నారు, ఇక్కడే పని దొరికితే ఏ తల్లి కాదంటుంది? కాని ఉక్కు పేరు చెప్పి భూమి తీసుకుని, అమ్మోనియా దాకా వచ్చిన పాతికేళ్ళ పైచిలుకు కాలంలో భూమి ఇచ్చిన వాడి కాగితంలో ఏం మారింది? మిడెల్‌గ్రుండెన్‌లో 8 వేల మందికి దొరికిన వాటా లాంటిదేదైనా ఇక్కడ ఉందా? ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగినప్పుడు మన వాళ్ళు వెళ్ళి కూర్చుని, ఒడియాలో అయినా తెలుగులో అయినా ఈ ప్రశ్న రికార్డులోకి ఎక్కించాలి. నోటితో అడిగి ఊరుకోకుండా రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

మన డాబా మీద

మన చేతిలో ఉన్నది డాబా. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన పెట్టుకుంటే మొత్తం 78,000 కేంద్రం ఇస్తుంది. ఒడిశా ప్రభుత్వం అదనంగా 1 కిలోవాటుకు 25,000, 2కు 50,000, 3కు 60,000 ప్రకటించింది. రెండూ కలిపితే 3 కిలోవాట్లకు 1,38,000. ఫలకాలు దేశంలో తయారైనవే అయి ఉండాలి. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, వానాకాలంలో తక్కువ. 3 కిలోవాట్లంటే ఏడాదికి 4,380 యూనిట్లు. జపాను ఒప్పందానికి కావలసిన 400 కోట్ల యూనిట్లు ఇలాంటి 9 లక్షల డాబాలతో సమానం.

మన వాళ్ళు ఎక్కువగా ఆగిపోతున్నది డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. బరంపురం పాత వీధుల్లో చాలా ఇళ్ళకు మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. బిల్లు మీద పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదానిలో వెనక, ఒకదానిలో పొట్టి అక్షరాలతో. సబ్సిడీ వచ్చేది కనెక్షన్ ఉన్న వారి ఖాతాకు కనుక అక్కడ దరఖాస్తు నిలిచిపోతుంది. ఫలకాల వాడితో బేరం ఆడక ముందే మీటరు పేరు మార్పించుకోండి. దానికి మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం, తాజా పన్ను రసీదు దగ్గర పెట్టుకోండి. అన్నదమ్ములు విశాఖలో ఒకరు, రాయపూర్‌లో ఒకరు ఉంటే సంతకాలకే రెండు నెలలు పడుతుంది. ఉమ్మడి డాబా అయితే ఎవరి భాగంలో ఫలకాలు పెడుతున్నారో కాగితం మీద రాసుకోవడం మంచిది, తర్వాత పిల్లల మధ్య మాట రాకుండా.

తుఫాను సంగతి వేరే చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మనం ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఎవరూ మరవలేదు. మామూలుగా లైనుకు కలిపి పెట్టే సౌర యంత్రం, వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, నడినెత్తిన ఎండ ఉన్నా సరే. తెగిన తీగ మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం పోకుండా అలా తయారు చేస్తారు. కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు అడగాలి, దానికి ఖర్చు ఎక్కువ, బ్యాటరీకి సబ్సిడీ లేదు. ఫలకాల కింద ఇనుప చట్రం గంటకు ఎన్ని కిలోమీటర్ల గాలికి తట్టుకుంటుందో ఒప్పందంలో అంకెతో రాయించుకోండి, “తుఫానుకు తట్టుకుంటుంది” అనే మాట చాలదు. చట్రాన్ని శ్లాబులోకి బిగించారా, ఊరికే సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టారా చూసుకోండి. సముద్రానికి దగ్గరున్న ఆర్యపల్లి, గోపాల్‌పూర్ ఇళ్ళవాళ్ళు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చట్రానికి జింకు పూత ఉందో లేదో అడగాలి.

పేరు మార్పు దరఖాస్తు నింపడం కష్టంగా ఉన్న పెద్దవాళ్ళు పాత బిల్లు, ఆధార్, పన్ను రసీదు పట్టుకుని సంఘం ఆఫీసుకు సాయంత్రం పూట రండి. ఒడియాలో రాయవలసిన భాగం మేము రాసి పెడతాం.